ఇటుకలు లెక్కపెట్టిన బాలుడు

మా కళాశాలలో కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థి యుండెను. పద్యము వినబడినంతనే గురులఘువులు గుర్తించి, గణములు విడదీసి, యతిస్థానము చెప్పుట అతనికి క్షణములో పని. కాగితముపై గీతలు గీసికొనవలసిన అవసరమే లేకుండెను. కాని అతడెవ్వరి ముఖమును తిన్నగా చూచెడివాడు కాడు. గంట మ్రోగినప్పుడెల్ల చెవులు మూసికొనెడివాడు. తాను నిత్యము కూర్చుండు చోట మఱియొకరు కూర్చున్నచో ఆ దినమంతయు నోరు విప్పెడివాడు కాడు. విశ్రాంతి వేళలో తోడివారు అతనిచుట్టు గుమిగూడి, ఒకదాని తరువాత నొకటిగా పద్యములు చదివి, గణములు చెప్పించుకొని వినోదించెడివారు. అతడు విసుగులేక చెప్పెడివాడు. నేనును అది యతని ప్రతిభయని మురిసి యూరకుంటిని.

చివరి పరీక్ష ముగిసిన దినమున అతని తల్లి నాకడకు వచ్చి, "మాస్టారూ, నేనున్నంత కాలం ఫరవాలేదు. నా తరువాత వీడి గతేమిటండీ?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. ఏదో ధైర్యవచనము చెప్పి పంపితిని.

ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆటిజము అనగానే మనకు పసిపిల్లలే తలపునకు వత్తురు. ఐక్యరాజ్యసమితి నిర్ణయము ననుసరించి 2008 నుండి ప్రతి సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన ప్రపంచ ఆటిజం దినము జరుగుచున్నది. ఆనాడు పత్రికలలో ముద్రింపబడు చిత్రములు తఱచుగా పిల్లలవే. కాని అయిదేండ్ల బిడ్డ అయిదేండ్ల బిడ్డగనే నిలిచిపోడు. ముప్పదేండ్లవాడగును, అఱువదేండ్లవాడగును. బాల్యము పదునెనిమిదేండ్లు, తక్కిన జీవిత మంతకంటె ఎన్నియో రెట్లు పెద్దది. ఆ పెద్ద జీవితమునకు సుఖమెక్కడ, గౌరవమెక్కడ అన్నదే తల్లి యడిగిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఒక జీవితమే సమాధానముగా మనకు లభించుచున్నది. ఆటిజమను నిర్ణయమును పొందిన మొదటి మనుష్యుడు అమెరికా దేశీయుడగు డొనాల్డ్ ట్రిప్లెట్. వైద్యశాస్త్ర చరిత్రలో అతడు "మొదటి రోగి". స్వగ్రామమున మాత్రము అందఱి "డాన్". 1933లో పుట్టి, 2023 జూన్ 15న తన 89వ యేట కన్నుమూసెను. శైశవము నుండి వార్ధక్యము వఱకు ఇంత వివరముగా లిఖితమైన ఆటిజం జీవితము మఱియొకటి అరుదు. కావున దానిని కొంచెము తీరికగా చూడవలసి యున్నది.

ముందుగా ఆటిజమన నేమో ఒక్కమాట. ఇది అంటువ్యాధి కాదు. పెంపకపు దోషము కాదు. టీకాలవలన వచ్చునది అసలే కాదు. పుట్టుకతోనే మెదడు వికసించు తీరులో గల భేదము. అందు వంశానుగతమైన పాలు మిక్కుటము. ఎదుటివాని చూపులోను, కంఠస్వరములోను దాగిన భావము నందుకొనుట వీరికి కష్టము. ఒకే క్రమమును, ఒకే విషయమును గట్టిగా పట్టుకొందురు. శబ్దము, వెలుతురు, స్పర్శ—వీనిని మనకంటె తీవ్రముగనో, స్వల్పముగనో అనుభవింతురు. ఒకరు మాటయే లేనివారు కావచ్చును. మఱియొకరు విశ్వవిద్యాలయ పట్టభద్రులు కావచ్చును. అందుచేతనే వైద్యులు దీనిని ఒక వర్ణపటముతో పోల్చి చెప్పుచున్నారు. గ్రీకు భాషలో "తాను" అను నర్థము గల పదము నుండి ఈ పేరు పుట్టినది. పేరు కొత్తదేగాని మనుష్యులు కొత్తవారు కారు. మన పల్లెలలో ఇట్టివారిని "మాలోకం" అనిరి, "వెఱ్ఱిబాగులవాడు" అనిరి. కనికరము గలవారు "అమాయకుడు" అనిరి. మాయ ఎఱుగనివాడని ఆ చివరిమాట కర్థము. మూడు మాటలలో అదియొక్కటే మనిషిని చూచి పుట్టిన మాట.

డొనాల్డ్ పుట్టినది మిసిసిపి రాష్ట్రములోని ఫారెస్ట్ అను చిన్న పట్టణమున. తండ్రి న్యాయవాది, తల్లి ఆ యూరి బ్యాంకు యజమానుల యింటి ఆడుబిడ్డ. రెండేండ్లకే ఆ శిశువు బైబిలులోని ఒక కీర్తనను కంఠస్థముగా చెప్పెను. కాని తల్లి వచ్చినను తలయెత్తడు, తోడిపిల్లలతో ఆడడు, గుండ్రని వస్తువు కనబడినచో బొంగరమువలె త్రిప్పుచు లోకము మఱచును. తన యాటకు ఎవరైన అడ్డువచ్చినచో ఆగ్రహము పట్టరానిది. "నేను" అనవలసినచోట "నీవు" అనెడివాడు. తనతో నితరులు మాటలాడిన మాటను ఆ విధముగనే అప్పగించెడివాడన్నమాట.

ఆ కాలమున వైద్యులెఱిగిన ఉపాయమొక్కటే: బిడ్డను ఇంటినుండి దూరము చేయుట. 1937లో, నాలుగేండ్లు నిండకముందే, డొనాల్డును పిల్లల ఆరోగ్యాలయమొకదానికి పంపిరి. తల్లిదండ్రులు నెలకు రెండుసార్లు మాత్రము చూచి రావచ్చును. అక్కడ ఆ బాలుడు తిండి మాని, కదలిక మాని, బొమ్మవలె కూర్చుండెనట. ఏడాది గడచినది. ఆలయాధికారి వలదన్నను వినక, 1938లో తల్లిదండ్రులు బిడ్డను ఇంటికి తెచ్చుకొనిరి. డొనాల్డు జీవితమున అన్నిటికంటె పెద్ద మలుపు ఇదియే. తరువాత జరిగిన మేలంతయు ఆ తిరుగు ప్రయాణము నుండి పుట్టినది.

తండ్రి తన కుమారుని గుణగణములన్నియు వ్రాసి, 33 పుటల ఉత్తరమును బాల్టిమోర్ నగరమందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమున నున్న లియో కానర్ అను బాలమానసిక వైద్యునకు పంపెను. ఆ సంవత్సరమే అక్టోబరులో కానర్ ఆ బాలుని చూచెను. అటువంటి పిల్లలు మఱి పదుగురు క్రమముగా ఆయన కంటబడిరి. ఈ పదునొకండుగురి చరిత్రలను గూర్చి 1943లో ఆయన ప్రకటించిన వ్యాసమే ఆటిజమునకు శాస్త్రలోకమున నామకరణము చేసినది. అందు మొదటి చరిత్ర డొనాల్డుది.

కానర్ పేరు పెట్టెనే కాని మందు చెప్పలేదు, మందు లేదు. అంతేకాదు, ఈ పిల్లల తల్లిదండ్రులు మమత తక్కువవారను అపోహ కొంత ఆయన వ్రాతల నుండియే వ్యాపించి, ఎందఱో తల్లులను దశాబ్దములపాటు దోషులుగ నిలువబెట్టినది. 1964లో బెర్నార్డ్ రింలాండ్ అను మనస్తత్వవేత్త ఆ వాదమును గ్రంథముఖమున ఖండించెను. ఆయన స్వయముగా ఆటిజము గల కుమారునికి తండ్రి.

మందు లేనిచోట మనుష్యులు పనిచేసిరి. తొమ్మిదేండ్ల ప్రాయమున డొనాల్డును ఊరికి పది మైళ్ల దూరముననున్న ఒక రైతు దంపతుల కడ నుంచిరి. ఆ దంపతులు మనస్తత్వశాస్త్రము చదివినవారు కారు. కాని వారు చేసిన పని శాస్త్రజ్ఞునే ఆశ్చర్యపఱచినది. బాలునకు కొలతల పిచ్చి. కనబడిన ప్రతి వస్తువును కొలుచును. వారు వలదనలేదు, బావి త్రవ్వు పని నప్పగించి, లోతెంతయో చెప్పుమనిరి. చచ్చిన పిట్టలను, పురుగులను ఏఱి తెచ్చును. వారు పారవేయలేదు, పెరటిలో ఒక మూల చూపి, ఇది నీ శ్మశానము అనిరి. బాలుడు ఒక్కొక్క ప్రాణికి పేరు పెట్టి, దాని జాతిని చేర్చి, చివరకు ఆ రైతు ఇంటిపేరును తగిలించి ఫలకములు నాటెను. నత్తకు కూడ ఇంటిపేరు దొరకినది! మొక్కజొన్న సాళ్లను మఱల మఱల లెక్కించును. వారు గుఱ్ఱమును, నాగలిని చేతికిచ్చి, దున్నుచు లెక్కింపుమనిరి. 1945లో కానర్ చూడబోయినప్పుడు ఆ బాలుడు ఆఱు పొడవైన సాళ్లను చక్కగా దున్ని చూపెను. అచ్చటి పల్లెబడిలో అతని వింతలను వింతలుగ నెవరును చూడలేదు.

ఉపాధ్యాయులు ఈ ఘట్టమును రెండుమార్లు చదువుట మంచిది. బాలుని పట్టుదలను విఱుచుటకు ఆ రైతులు యత్నింపలేదు. దానికి ఒక కాలువ త్రవ్విరి.

పిమ్మట డొనాల్డు ఫారెస్టులోనే ఉన్నత పాఠశాల చదువు చదివెను. ఇక్కడనే ఇటుకల కథ పుట్టినది. తోడి విద్యార్థులు అతని లెక్కల నేర్పును విని, పాఠశాల గోడను చూపి, ఇటుక లెన్నియని యడిగిరట. డొనాల్డు ఒక్కచూపు చూచి సంఖ్య చెప్పెనట. ఊరంతయు అబ్బురపడినది. యాభై యేండ్లు గడచినను ఆ యూరివారు ఈ కథను చెప్పుకొనుచునే యుండిరి. జాన్ డాన్వన్, కేరెన్ జుకర్ అను పాత్రికేయులు అతని జీవితమును శోధించి 2010లో ఒక వ్యాసమును, 2016లో ఒక గ్రంథమును ప్రకటించిరి. వృద్ధుడైన డొనాల్డును వారు ఈ విషయమే యడిగిరి. అతడు దాపరికము లేక చెప్పినది: తాను లెక్కింపనే లేదు; నోటికి వచ్చిన సంఖ్య చెప్పినాడు; ఆ పిల్లలు తన్ను మంచిగా తలచుకొనవలెనని అట్లు చెప్పినాడు.

ఈ సమాధానము చదివిన నాడు నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. ఆటిజము గలవారికి తోడివారి యెడ అపేక్ష లేదని ఎంతోకాలము పెద్దలు చెప్పిరి, గ్రంథములు వ్రాసిరి. ఇదిగో, మొదటి రోగియే చెప్పుచున్నాడు: అతనికి కావలసినది లెక్క కాదు, స్నేహము. దానిని సంపాదించు దారి తెలియక, తన చేతిలోనున్న ఒక్క నాణెమును ముందుకు చాచినాడు. నా విద్యార్థి గణములు చెప్పినదియు అందుకే కావచ్చునని నాకప్పుడు స్ఫురించినది. ఆ పద్యముల వేడుక ముగిసిన తరువాత అతనిని తమతోకూడ టీకొట్టునకు రమ్మన్నవా రెవరైన నుండిరా యని నేనేనాడును గమనింపలేదు.

డొనాల్డు 1958లో జాక్సన్ పట్టణమందలి మిల్‌సాప్స్ కళాశాలలో ఫ్రెంచి భాష ప్రధాన విషయముగా పట్టభద్రుడయ్యెను. అక్కడ సహాధ్యాయు లతనిని తమ సంఘమున చేర్చుకొనిరి. ఒక మిత్రుడు నదికి తీసికొనిపోయి ఈత నేర్పబూనెను. ఈత రాలేదు, స్నేహము మిగిలినది. చదువు ముగిసినంతనే స్వగ్రామమునకు వచ్చి, మాతామహుల బ్యాంకులో సొమ్ము పుచ్చుకొని చెల్లించు గుమాస్తాగ చేరెను. ఆ బ్యాంకుతో అతని యనుబంధము జీవితాంతము నిలిచినది. పైపదవులకు ఆశపడలేదు. ఇరువదియేడేండ్లకు కారు నడుపుట నేర్చెను. ప్రతిదినము గోల్ఫ్ ఆడెను. ఒంటరిగ ప్రయాణములు చేసి, 2010 నాటికి 36 విదేశములను చూచెను. కాని ఎక్కడను ఎక్కువ దినములు నిలిచెడివాడు కాడు. పరిచితులకు పేర్లకు మాఱు ఒక్కొక్క సంఖ్య నిచ్చి, ఏండ్ల తరువాత కనబడినను ఆ సంఖ్యతోనే పలుకరించెడివాడు. వివాహము చేసికొనలేదు. సంభాషణ అంతంతమాత్రమే, ప్రశ్న కొక సమాధానము చెప్పి, ఊరకుండెడివాడు.

తల్లికి మాత్రము బెంగ తీరలేదు. తన కుమారుని అంతరంగ మెట్టిదో తెలిసికొనగలిగిన బాగుండునని ఆమె 1970లో కానర్‌కు వ్రాసెను. తండ్రి 1980లో, తల్లి 1985లో గతించిరి. "నా తరువాత" అన్న దినము వచ్చినది. డొనాల్డు కూలిపోలేదు. అదే యింటిలో, అదే దినచర్యతో, మఱి నాలుగు దశాబ్దములకు దగ్గరగా జీవించెను. మోసగాండ్ర చేత పడకుండ అతని సొమ్మును కుటుంబమువారి ఆధీనమున నిధిగ నుంచిరి. అంతకంటె పెద్దనిధి ఊరు. పాత్రికేయులు వచ్చినప్పుడు, అతనికి కష్టము కలిగించినచో మిమ్మెక్కడ పట్టుకొనవలెనో మాకు తెలియునని ఊరివారు ఒకరి తరువాత నొకరు హెచ్చరించిరట! తల్లిదండ్రు లిద్దఱు పోయినపిమ్మట ఊరంతయు తల్లిదండ్రులైన చందము.

నాణెమునకు రెండవ ప్రక్క కూడ చూడవలెను. 1971లో కానర్ ఆ పదునొకండుగుర ప్రస్తుతస్థితిని విచారించి మఱియొక వ్యాసము వ్రాసెను. వారిలో ఒకడు కార్యాలయమున ప్రతులు తీయు యంత్రముకడ నమ్మకముగ పనిచేయుచుండెను. కాని ప్రభుత్వ మానసిక వైద్యాలయములకు పంపబడినవారు తమ జ్ఞాపకశక్తిని, వస్తువులయందలి ఆసక్తిని, ఉన్న కొంచెము చొరవను గూడ పోగొట్టుకొని క్రమముగ శూన్యులైరి. ఆ వైద్యాలయములలో చేర్చుట యావజ్జీవ శిక్షతో సమానమని కానరే చింతించెను. బాల్యమున ఒకే వ్యాసమున కెక్కిన పిల్లలు. నడివయసున వారిని వేఱు చేసినవానిలో, ఎవరు ఎవరి నడుమ పెరిగిరను నది చిన్నది కాదు.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. డొనాల్డు ధనికుల బిడ్డ, శ్వేతజాతీయుడు, ఊరి బ్యాంకు అతని యింటివారిది. వర్ణవివక్ష చట్టబద్ధమై యుండిన ఆ మిసిసిపిలో ఒక పేద నల్లజాతి బాలుడు ఇదే లక్షణములతో పుట్టియుండినచో, బాల్టిమోరు వైద్యుడును, బ్యాంకు కొలువును అతనికి దక్కి యుండునా? దక్కి యుండవనుటకు సందేహింప నక్కఱలేదు. కాని ఈ ఆక్షేపణ తేల్చునది, ధనికునికి అదృష్టము కొని యిచ్చినదానిని పేదవానికి చట్టమును, బడియును, ఊరును కలిసి యీయవలెనని.

మన దేశమున చట్టము కొంత దూరము నడచినది. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజమునకు చోటు లేదు. 1999లో ఆటిజము మొదలగు స్థితులు గలవారి సంక్షేమమునకు జాతీయ న్యాస చట్టము వచ్చినది. పదునెనిమిదేండ్లు దాటినవారికి అవసరమైనచో సంరక్షకుని నియమించుటకు జిల్లాలలో స్థానిక సంఘము లేర్పడినవి. "నా తరువాత" అను బెంగకు అది యొక చట్టరీత్యా సమాధానము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 స్థితులలో ఆటిజ మొకటి. ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో వికలాంగులకు నూటికి అయిదు స్థానములు, ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు కేటాయింపవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. ఆ నాలుగింటిలో ఒకటి, ఆటిజము, బుద్ధిమాంద్యము, మానసిక రుగ్మత మొదలగునవి గలవారికి కలిపి ఏర్పడినది. తెలుగు రాష్ట్రములు రెండింట ఈ చట్టములు వర్తించును. విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఈ సంగతి యెఱిగి యుండుట అవసరము.

కాని చట్టము కుర్చీ వేయగలదే గాని, ప్రక్కన కూర్చుండలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ జీవితనాణ్యతను కొలుచుటకు 26 ప్రశ్నల పట్టిక నొకదానిని తయారు చేసినది. దేహము, మనస్సు, మానవసంబంధములు, పరిసరములు—ఇవి నాలుగు దాని స్తంభములు. తన జీవితమును గూర్చి తానేమి తలచుచున్నాడన్నదే అందు ప్రధానము. చూచువారేమి తలచుచున్నారని కాదు. ఇది గుర్తింపదగిన మాట. డొనాల్డుకు పెండ్లి లేదే, పదవి లేదే, మాటలు లేవే యని మనము జాలిపడవచ్చును. అతని కొలబద్ద వేఱు: ఉదయపు కాఫీ, బ్యాంకు, గోల్ఫ్ మైదానము, కలసిన ప్రతివారి సంఖ్య. అదే మాదిరి, మన ఊళ్లలోని ఒక ఆటిజం యువకునికి పదిమందితో విందుకంటె ఒక్క మిత్రునితో మౌనముగ నడచుట మేలు కావచ్చును. ఎన్ని స్నేహములన్నది ప్రశ్న కాదు. ఉన్న స్నేహమున తాను తానుగ నుండగలుగుచున్నాడా యన్నది ప్రశ్న. ఇతరులవలె కనబడుటకై దినమంతయు ముసుగు వేసికొని నటించి, ఇల్లు చేరి సొమ్మసిల్లుచున్నామని ఆటిజము గల పెద్దలు పలువురు స్వయముగ చెప్పుచున్నారు. ఆ ముసుగు అవసరము లేని చోటు ఒక్కటైన ఉండుట జీవితనాణ్యతకు మొదటి మెట్టు.

మన భాగవతములో జడభరతుని కథ యున్నది. పంచమస్కంధమును తెనిగించిన గంగనామాత్యుని చలువచే అది మన యింటి కథయైనది. ఊరు అతనిని జడుడనుకొనెను. అన్నలు పొలము కాపునకు పంపిరి. రాజభటులు పల్లకి మోయ నిలిపిరి. పల్లకి కుదుపులకు రాజు కోపించెను. పాదము క్రింద ప్రాణులు నలుగకుండ చూచుకొని నడచుటచే ఆ కుదుపు వచ్చినదని రాజునకేమి తెలియును? భరతునకు ఆటిజమున్నదని నేననను, అది వేదాంతకథ. కాని కుదుపునకు కారణ మడుగక కోపించు స్వభావము రాజున కొక్కనికే గలదా? తరగతిలో చెవులు మూసికొను పిల్లవానిని "ఏమిరా ఆ వేషాలు?" అని గద్దించు మనము కూడ ఆ పల్లకిలోనే కూర్చున్నాము.

ఉపాధ్యాయుడు చేయదగిన పని పెద్దది కాదు. గంటకు దూరముగ నున్న బల్ల నిచ్చుట. పాఠక్రమము మారునప్పుడు ముందుదినమే చెప్పుట. పరోక్షముగ గాక సూటిగ పని చెప్పుట. అతని పిచ్చి యేదో తెలిసికొని, రైతు నాగలి నిచ్చినట్లు ఏదో యొక పనిముట్టు చేతికిచ్చుట. విద్యార్థులు చేయవలసినది ఇంకను చిన్నది. ఇటుకల లెక్క యడిగినవారు, లెక్క చెప్పిన తరువాత కూడ అతనిప్రక్క నిలువవలెను. పదేండ్ల తరువాత ఆ యూరి బ్యాంకులో, అంగడిలో, పంచాయతీలో కూర్చుండువారు ఆ విద్యార్థులే. ఊరనగా వారే.

ఆ తల్లి మఱల వచ్చి యడిగినచో నేడు నేను ధైర్యవచనము చెప్పి పంపను. ముందుగ అతడు చదివిన తరగతి పట్టికను తీసి, అతని తోడివారు ఎవరెవరు ఈ యూరిలోనే యున్నారో ఆమెతో కూర్చుండి వెదకుదును.